పిడకల బొమ్మ ఉన్న నాలుగో అధ్యాయం

మన ఆదివారం ఫోటోల గుంపులో పోయిన వారం మళ్లీ ఒకరు అడిగారు. తెల్లాపూర్‌లో పద్దెనిమిదో అంతస్తులో ఉండే అబ్బాయి. "అంకుల్, ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి ఒక మంచి బుక్ చెప్పండి" అన్నాడు. చెప్పాను. "లింక్ పెట్టండి అంకుల్" అన్నాడు. లింకు లేదు నాయనా, పుస్తకమే ఉంది, బీరంగూడలో మా ఇంట్లో బీరువా మీద ఉంది, వచ్చి తీసుకుపో అన్నాను. బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఆ సాయంత్రం అదే గుంపులో, కొంగలను తీయడానికి ఎంత పొడుగు లెన్సు కావాలన్న దాని మీద రెండు గంటలు చర్చ జరిగింది. అందులో అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆ అబ్బాయే.

నాకు ఒళ్లు మండింది. ఒప్పుకుంటాను. రిటైరైన మనిషికి కోపం తొందరగా వస్తుందని మా ఆవిడ అంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా తొందరగానే వచ్చేది, అప్పుడు ఆమె వినలేదంతే.

ఆ పుస్తకం పేరు చెప్పమని కూడా కొందరు అడిగారు. నాకు తెలియదు. అట్ట లేదు, మొదటి నాలుగైదు కాగితాలు లేవు, రాసిన ఆయన పేరు వాటితోపాటే పోయింది. తెలుగులో ఉంటుంది. ఎక్కడో చిన్న ఊళ్లో స్టూడియో నడిపిన మనిషి రాసుకున్నదని చదువుతుంటే తెలుస్తుంది. పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ రీళ్లు కడిగించే స్టూడియో ఒకటుండేది. దాని ఓనరు దుకాణం మార్చేటప్పుడు, "సార్, మీకు పనికొస్తదేమో" అని నా చేతిలో పెట్టాడు. ఆరు అధ్యాయాలు. మొదటిది కెమెరా గురించి, చివరిది పెళ్లి ఫోటోల గురించి. నాలుగోది వెలుగు ఎటునుంచి వస్తుందన్న దాని గురించి. అందులో ఒక మట్టిగోడ, దాని మీద కొట్టిన పిడకల ఫోటో ఉంటుంది.

ఈ గుంపులో చేరాక నలుగురికి ఇచ్చాను ఆ పుస్తకం. ఇచ్చేముందు నాలుగో అధ్యాయంలో ఒక చీటీ పెట్టేవాణ్ని. "ఇక్కడిదాకా చదివినవాళ్లు నాకొక్క ఫోన్ చేయండి" అని రాసి, కింద నా నంబరు. పుస్తకం నాలుగుసార్లూ తిరిగొచ్చింది. చీటీ పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. ఒకాయనైతే "సూపర్ బుక్ అంకుల్, చాలా నేర్చుకున్నా" అన్నాడు. "పిడకల గోడ ఎట్లుంది?" అని అడిగాను. "ఏ పిడకలు అంకుల్?" అన్నాడు.

మీ మీద నాకింత కోపం ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. ఆ పుస్తకం నా దగ్గర మూడేళ్లున్నా ఆ అధ్యాయం నేనూ చదవలేదు. చదవనందుకు నాకేమీ కాలేదు. ఇంకో మనిషి నౌకరి పోయింది.

*

నేను పని చేసింది పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ నడుమ ఒక ఇనుప పోతల ఫ్యాక్టరీలో. ఇసుకతో అచ్చులు చేసి, కరిగిన ఉక్కు పోసి, పెద్ద పెద్ద పైపులకు బిగించే వాల్వుల బాడీలు తీసేవాళ్లం. నేను నాణ్యత చూసే విభాగంలో ఉండేవాణ్ని. మాకు ఆఫీసువాళ్లు ఒక రీలు కెమెరా కొనిచ్చారు. మా బావమరిది పెళ్లిలో నేనెప్పుడో కెమెరా పట్టుకున్నానని ఎవరో చెప్పారట, అది తెచ్చి నా మెడలో వేశారు. అప్పటినుంచి లారీ ఎక్కే ప్రతి పీసునూ నాలుగు దిక్కులా ఫోటో తీసి, కాగితాల మీద అంటించి, ఫైలు కట్టి సరుకుతోపాటు పంపడం నా పని.

మా మేనేజరు గురించి ఒక్క మాట చెప్పాలి. పని తెలిసిన మనిషే, చెడ్డవాడు కూడా కాదు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పీసు మీద పెయింటుతో వేసిన నంబరు ఫోటోలో సూటిగా కనబడాలి. ఒకసారి ఎవరో నంబరు తలకిందులుగా కనబడేట్టు ఫోటో అంటించి పంపితే కొన్నవాళ్లు తిప్పి పంపారట. ఆ తర్వాత ఆయన ఏ ఫైలు చూసినా ముందు నంబర్లే చూసేవాడు. "అంకె సక్కగ లేకుంటే నేను సంతకం పెట్టనయ్యా" అనేవాడు. పీసు పగిలి ఉన్నా సంతకం పెట్టేవాడేమో, అంకె సక్కగా ఉంటే.

నా ఫోటోలంటే ఆఫీసులో మంచి పేరుండేది. ఎవరైనా వాదనకు దిగితే, "ఫోటో అబద్ధమాడుతదా?" అని మేనేజరు నా ఫైలు తీసి ముందు పడేసేవాడు. ఆ మాట వింటే నాకు ఛాతీ ఉబ్బేది.

ఇక ఆ మనిషి. ఇంద్రేశం దిక్కు ఊరు. వాళ్లవాళ్లంతా ఇతరుల పొలాల్లో కూలి చేసినవాళ్లు. ఇతను ఫ్యాక్టరీకి మొదట ఇసుక ఎత్తే పనికి వచ్చి, తర్వాత గ్రైండింగు నేర్చుకున్నాడు. అచ్చులోంచి తీసిన పోతకు అంచులు, ముళ్లు మిగిలిపోతాయి. వాటిని గ్రైండరుతో తోమి సాపు చేయాలి. నిప్పురవ్వలు, దుమ్ము, చెవులు పగిలే మోత. ఏడేళ్లు కంట్రాక్టు మీద చేశాడు. ఆ సంవత్సరం పర్మనెంటు అయ్యేవాళ్ల జాబితాలో అతని పేరుంది.

అతనికి ఒక అలవాటు. తోమడం కాగానే చేతి తొడుగు తీసేసి పీసంతా బొటనవేలితో తడిమి చూసేవాడు. తొడుగు తీయకూడదని సూపర్‌వైజరు అరిచేవాడు. ఒకసారి నేనూ అరిచాను. "దుమ్ముల కండ్లకు ఏం కానొస్తది సార్. ఏలు బెడితె తెలుస్తది" అన్నాడు నవ్వుతూ. అతను తోమిన పీసు వెనక్కి వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఒకరోజు లారీ వచ్చి నిలబడింది. డ్రైవరు తొందర పెడుతున్నాడు. చివరి పీసు పెట్టె అడుగుచెక్కల మీద తలకిందులుగా కూర్చుంది, అప్పటికే దానికి పట్టీలు బిగించేశారు. తిప్పించాలంటే పట్టీలు విప్పాలి, క్రేను పిలవాలి. నేనెందుకు తిప్పిస్తాను? ఉన్నదాన్ని ఉన్నట్టే తీశాను. పైన రేకుల సందుల్లోంచి మంచి ఎండ పడుతోంది. ప్రింట్లు వచ్చాక చూస్తే సహజంగానే నంబరు తలకిందులుగా ఉంది. మేనేజరు సంతకం గుర్తొచ్చింది. ఫోటోను తిప్పి, అంకె సూటిగా ఉండేట్టు అంటించాను. ఆ పని చేస్తూ ఈలపాట కూడా పాడుకుని ఉంటాను, నాకేం తెలుసు.

*

రెండు వారాలకు కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సరుకు ఇంకా వాళ్ల గోడౌనులో పెట్టెల్లోనే ఉంది, ఎవరూ విప్పలేదు. వాళ్ల ఆఫీసులో ఒకాయన ఫైలు తిరగేస్తూ నా ఫోటో చూశాడు. ఫలానా నంబరు పీసుకు అంచు దగ్గర గ్రైండరుతో కోసిన లోతైన గుంత ఉంది, లాటంతా ఆపేస్తున్నాం, కారణం ఏమిటో, బాధ్యులెవరో, ఏం చర్య తీసుకున్నారో వారంలో రాసి పంపండి అని ఆ ఉత్తరం సారాంశం.

మీకు అర్థం కావడానికి ఇక్కడ కొంచెం పని సంగతి చెప్తాను. ఆ అంచు దగ్గర గ్రైండరు పెట్టకూడదు. కొన్నవాళ్లు దాన్ని లేతు మీద ఎక్కించి తమకు కావలసిన కొలతకు చెక్కుకుంటారు. అందుకని అక్కడ కొంత ఉక్కు ఎక్కువే వదులుతాం. అక్కడ గడ్డ ఉంటే నష్టమేమీ లేదు, లేతు మీద అదే పోతుంది. గుంత ఉంటే మాత్రం పీసు దండుగ, పైగా పెట్టకూడని చోట ఎవడో గ్రైండరు పెట్టాడని అర్థం.

ఫోటో తీసి చూశాం. గుంతే. బొటనవేలు పట్టేంత గుంత, అంచులతో సహా. పీసును పాస్ చేసింది మా ఇన్‌స్పెక్టరు, నా ఈడువాడే, ఒక డబ్బాలో అన్నం తిన్నవాళ్లం. అతణ్ని అడిగితే తల గోక్కున్నాడు. "నాకేం యాదికుంటదన్నా. ఆ దినం ఎన్ని పీసులు జూసిన్నో. ఫోటోల ఉన్నదంటె ఉన్నట్టే గదా. నేనే జూడలేదేమో" అన్నాడు. తన కళ్లతో చూసి పాస్ చేసిన మనిషి, నా ఫోటో చూసి తన కళ్లనే కాదన్నాడు. అప్పుడు నాకది వింతగా అనిపించలేదు.

పీసు మీద తోమినవాడి టోకెన్ నంబరు ఉంటుంది. ఆ ఇంద్రేశం మనిషిదే. మరునాడు పది గంటలకు మేనేజరు గదిలోకి పిలిచారు.

ఆ గది ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పొడుగు బల్ల. ఇటువైపు మేనేజరు, ఇన్‌స్పెక్టరు, నేను కూర్చున్నాం. అటువైపు అతను నిలబడ్డాడు, తొడుగులు చంకలో పెట్టుకుని. కూర్చోమని ఎవరూ అనలేదు. మేనేజరు ఫైలు బల్ల మీద మా వైపుకు పెట్టుకుని, ఫోటో మీద పెన్ను ఆనించి, "ఇదేంది?" అన్నాడు.

అతను బల్ల మీదికి వంగి అటునుంచే చూశాడు. మొహంలో బెదురు పోయింది.

"గిదా సార్. ఇది గడ్డ సార్. నాకు యాదికున్నది. తోమేటప్పుడు ఏలుకు తాకింది. ఆడ గ్రైండర్ పెట్టొద్దంటరు గదా, అందుకే ముట్టలే, ఇడిసిపెట్టిన."

"గడ్డనా? కండ్లు కనిపిస్తున్నయా నీకు?"

"గడ్డనే సార్. సక్కగ ఉబ్బి కానొస్తుంది జూడుండ్రి."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. నేను ఫోటో వైపు చూశాను. గుంత. ఎంత చూసినా గుంతే. ఈ మనిషి ఇంత పచ్చిగా ఎట్లా బుకాయిస్తున్నాడని నాకు చిరాకేసింది.

"తలకిందులుగ జూసుకుంట మాట్లాడకు" అని మేనేజరు ఫైలును గిర్రున తిప్పి, అంకె అతనికి సూటిగా కనబడేట్టు జరిపాడు. "ఇగ ఇప్పుడు జూసి చెప్పు."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఫైలు పైకెత్తి కిటికీ దిక్కు పట్టి చూశాడు, అంకె సూటిగానే పట్టుకుని. అతని మొహం ఎట్లా మారిందో నేను చూశాను. అబద్ధం దొరికిపోయిన మొహమని అప్పుడు అనుకున్నాను.

"గుంతనే కానొస్తుంది సార్" అన్నాడు మెల్లగా.

"మొదాలు గడ్డ అంటివి. ఇప్పుడు గుంత అంటివి. నిమిషంల మాట మారుస్తివి. ఏది నిజం?"

నా దిక్కు తిరిగాడు. "సార్, గీ ఫోటో మీరే గదా తీసింది. ఆ పీసును చెయ్యి పెట్టి చూసిండ్రా?"

చూడలేదు. ఆ ఒక్క మాట అంటే చాలు. నేనేమన్నానో తెలుసా? "ఫోటో స్పష్టంగానే ఉంది" అన్నాను.

సంతకం పెట్టించుకున్నారు. అతను పెట్టాడు, తన కళ్లతో చూశాక ఇంకేం చేస్తాడు? ఆ సాయంత్రం గేటు పాసు తీసేసుకున్నారు. కొన్నవాళ్లకు పంపే కాగితంలో చర్య అని ఒక గడి ఉంటుంది. అందులో "సంబంధిత కార్మికుణ్ని తొలగించడమైనది" అని రాశారు. గడి నిండింది. లాటు విడుదలైంది. అందరం టీ తాగాం.

*

నెలన్నర తర్వాత ఒకరోజు, నున్నగా మెరిసే పీసులను ఫోటో తీస్తే మధ్యలో తెల్లటి మరక పడుతోంది. ఏం చేయాలో తెలియక, మధ్యాహ్నం అన్నం తింటూ ఆ పుస్తకం తెరిచాను. మెరుపు సంగతి ఎక్కడుందా అని కాగితాలు తిప్పుతుంటే పిడకల గోడ వచ్చింది. అంతకుముందు ఆ బొమ్మ చాలాసార్లు చూశాను. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి పిడకలతో పనేంటని నవ్వుకుని దాటేసేవాణ్ని. ఈసారి కింద ఉన్న నాలుగు ముక్కలు చదివాను. ఆ స్టూడియో ఆయన చెప్పింది ఇంతే. పుస్తకాన్ని తలకిందులు చేసి ఈ బొమ్మ చూడండి. మన కంటికి వెలుగు పైనుంచి పడటమే అలవాటు. బొమ్మ తిప్పేస్తే వెలుగు కిందినుంచి పడినట్టవుతుంది, కన్ను ఆ సంగతి ఒప్పుకోదు, గడ్డను గుంత చేసి చూపిస్తుంది. అందుకని ఫోటో వెనక వెలుగు వచ్చిన దిక్కును బాణం గుర్తు వేసి పెట్టుకోండి.

పుస్తకం తిప్పాను. గోడ మీది పిడకలన్నీ గోడలోకి పోయాయి. గోడ నిండా గుండ్రటి గుంతలు. మళ్లీ తిప్పాను, పిడకలు. మళ్లీ గుంతలు. డబ్బాలో అన్నం అట్లాగే ఉండిపోయింది.

ఆ ఫైలు తీసి బల్ల మీద పెట్టి, నేను బల్లకు అటువైపు వెళ్లి నిలబడ్డాను. అతను నిలబడ్డచోట. గడ్డ. అతనన్నట్టే సక్కగా ఉబ్బి కనబడుతోంది.

సిగ్గు వేసింది. దానికంటే ముందు భయం వేసింది, అది కూడా రాయాలి.

మేనేజరు దగ్గరికి వెళ్లి ఫైలు తిప్పి చూపించాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తనే తిప్పుకుని చూశాడు. ఆయనకు కనబడిందని నాకు తెలిసింది, పెదవి కొరుక్కున్నాడు. తర్వాత ఏమన్నాడో వినండి.

"గట్ల జూస్తె అంకె తలకిందులైతుంది గదయ్యా."

నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "అంకె తలకిందులైతే అయింది సార్, పీసే తలకిందులుంది. వెలుగు పైనుంచి పడింది. ఆ మనిషి చెప్పిందే నిజం" అన్నాను. "నువ్వే తీస్తివి, నువ్వే అతికిస్తివి, ఇప్పుడు నువ్వే కాదంటవు" అన్నాడు. అందులో తప్పేం లేదు, నిజమే.

నేను ఊరుకోలేక కొన్నవాళ్ల గోడౌనుకు ఫోన్ చేశాను. అక్కడి స్టోరు మనిషికి వచ్చీరాని హిందీలో చెప్పాను, ఫలానా పీసు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసి చెప్పమని. అతను వెళ్లి కనుక్కుని వచ్చాడు. పెట్టె విప్పినప్పుడు అక్కడ చిన్న గడ్డ ఉండిందట, లేతు మీద తీసేశారట, పీసు బాగుందట, వాల్వు కట్టి పంపేశారట కూడా. గుంత మాట వాళ్లే మరిచిపోయారు.

ఆ సంగతి మేనేజరుకు చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకేంది మరి. కస్టమర్ ఖుష్. పీసు మంచిదే."

"మనిషి సంగతి సార్?"

"క్లోజయిన రిపోర్టు తెరిస్తే నీ ఫోటోలన్నీ తెరుస్తరు. ఇన్నేండ్ల ఫైళ్లు. ఎన్ని తలకిందులు అతికించినవో నీకు యాదికున్నదా? నీ నౌకరి సంగతి గూడ జెర జూసుకో."

చూసుకున్నాను. ఒక కాగితం రాసి ఇచ్చాను, జరిగింది జరిగినట్టు, నా సంతకంతో. అది ఏ ఫైలులోకి పోయిందో తెలియదు, నేను మళ్లీ అడగలేదు. ఒక ఆదివారం అతని ఊరికి సైకిల్ మోటారు మీద వెళ్లాను. ఇంటికి తాళం ఉంది. ఎక్కడో పనికి పోయారని పక్కింటామె చెప్పింది. ఆ తాళం చూసి నాకు ప్రాణం తేలికపడింది. మళ్లీ వెళ్లలేదు. రిటైరయ్యేదాకా తీసిన ప్రతి ఫోటో వెనకా బాణం వేశాను. ఇన్‌స్పెక్టరు నన్ను బాణాల సారు అని పిలిచేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. నా వల్ల పోయిన నౌకరికి నేను చేసిన న్యాయం ఆ బాణాలే.

*

మీకు గుర్తుండే ఉంటుంది, రెండు నెలల కింద మన గుంపు ఇంద్రేశం వెళ్లింది. కొత్త లేఅవుట్ల పక్కన గేట్లు, గ్రిల్సు చేసే షెడ్డు ఒకటి ఉంది, నిప్పురవ్వలు బాగా వస్తాయి, ఫోటోలు అదిరిపోతాయి అని మీలో ఎవరో తీసుకెళ్లారు. మీరంతా మోకాళ్ల మీద కూర్చుని రవ్వలను తీస్తున్నారు. గ్రైండరు పట్టుకున్న తెల్లజుట్టు ఆయన మెషీన్ ఆపి, కళ్లద్దాలు పైకి తోసి, తొడుగు తీసి, తోమినచోట బొటనవేలితో తడిమాడు. నేను కెమెరా దించేశాను.

ఆయనే ముందు పలకరించాడు. "ఏం సార్, ఇంకా ఫోటోలేనా?" అన్నాడు.

షెడ్డు ఆయనదేనట. మీ ముందు నేనేమీ మాట్లాడలేదు. మరునాడు పొద్దున ఒక్కణ్నే వెళ్లాను. రిటైరయ్యేటప్పుడు ఆ ఫోటో ప్రింటు ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. దాన్ని, పుస్తకాన్ని తీసుకెళ్లాను. స్టూలు వేసి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను పిడకల గోడ చూపించి, తిప్పి, మళ్లీ తిప్పి, అంతా చెప్పాను. నువ్వు చెప్పిందే నిజం, నేనే తప్పుగా అతికించాను, నెలన్నరకే తెలిసింది, వచ్చి చెప్పలేదు, క్షమించు అన్నాను.

ఆయన ప్రింటు చేతిలోకి తీసుకుని ఇటు చూశాడు, అటు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"నౌకరి పోయె, పోనీ సార్. ఇంకో పని దొరికె" అన్నాడు. "ఇంటికి పోయినంక నా ఏలు మీద నాకే నమ్మకం లేకపాయె. గడ్డ తాకిందని నేననుకున్న, కండ్లతోని జూస్తె గుంత ఉండె. పిచ్చి లేసిందేమో అనుకున్న. రెండు మూడేండ్లు ఏ పని జేసినా పక్కోన్ని పిలిచి, జెర చెయ్యి పెట్టి జూడవా, సాపుగున్నదా అని అడుగుతుంటి. నా పెండ్లాం గూడ నవ్వుతుండె."

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

ఆయన ప్రింటును తోముతున్న గేటు మీద పెట్టాడు. తొడుగు తీశాడు. బొటనవేలు ఆ మచ్చ మీద పెట్టి, పీసును తడిమినట్టే, మెల్లగా అటునుంచి ఇటు జరిపాడు. ప్రింటు తిప్పి మళ్లీ తడిమాడు.

"ఇట్ల దిప్పినా సాపే. అట్ల దిప్పినా సాపే" అన్నాడు. తలెత్తి నన్ను చూశాడు. "గీ కాయిదాన్ని జూసి నేను గుంత జేసిన్నని ఎట్లన్నరు సార్ మీరు?"

వెటకారం కాదది. నిజంగానే అడిగాడు, తెలుసుకుందామని. ప్రింటు నా చేతికిచ్చి, కళ్లద్దాలు దించుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

ఇంటికి వచ్చి, నాలుగో అధ్యాయంలో ఉన్న నా చీటీ తీసేసి ఆ ప్రింటు పెట్టాను. వెనక నేను తర్వాత వేసిన బాణం ఉంది. బాణం పక్కన ఆయన అడిగిన ప్రశ్న రాశాను, కింద నా నంబరు. అక్కడిదాకా చదివినవాళ్లు జవాబు తెలిస్తే ఫోన్ చేసి చెప్పండి, నాకింతవరకు తట్టలేదు.

నిన్న ఆ తెల్లాపూర్ అబ్బాయి ఎట్టకేలకు వచ్చి పుస్తకం పట్టుకుపోయాడు. పొద్దున్నే ఫోన్ మోగితే ఆత్రంగా ఎత్తాను. అతనే.

"అంకుల్, పుస్తకంలోంచి ఏదో పాత ఫోటో జారి కిందపడింది. ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.